ఘనా దేశనిర్మాత క్వామే ఎన్‌క్రుమా

ప్రపంచపటమున ఆఫ్రికాఖండపు పశ్చిమభాగమును చూచినచో, గినీ సింధుశాఖ ఒడ్డున ఘనా అను దేశము కనబడును. దాని విస్తీర్ణము ఇంచుమించు 2,38,000 చదరపు కిలోమీటర్లు. 1957వ సంవత్సరము వరకు అది ఆంగ్లేయుల ఏలుబడిలో నుండెను. అంతవరకు దానికి గోల్డ్ కోస్ట్, అనగా బంగారుతీరము, అని పేరు. ఆ పేరు పెట్టినవారు ఆ నేలపై పుట్టినవారు కారు. బంగారము కొఱకు ఓడలపై వచ్చిన ఐరోపా వర్తకులు. స్వాతంత్ర్యము వచ్చిననాడే ఆ పేరు తొలగిపోయి, పూర్వకాలమున పశ్చిమాఫ్రికాలో వర్ధిల్లిన యొక సామ్రాజ్యపు పేరు దేశమునకు వచ్చెను. ఆ స్వాతంత్ర్యమును సాధించిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపుటకు పూనుకొనుచున్నాము.

మహాపురుషుల జీవితములను వ్రాయువారిలో కొందఱు గుణములను మాత్రమే వర్ణించి దోషములను కప్పిపుచ్చుదురు. మేము ఆ మార్గమును అవలంబింపము. ఎన్‌క్రుమా గొప్పవాడు, తప్పులు చేసినవాడు కూడ. బీదదేశము ఇతరదేశముల సాయము లేక ఎదుగజాలదు. ఐనను, సాయము కోరునపుడు తన గౌరవమును, తన హక్కును నిలుపుకొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే ఆయన జీవితమంతయు గడచెను. అందుచేతనే ఆయన చరిత్రము ఒక్క ఘనా చరిత్రము కాదు. గత శతాబ్దమున స్వతంత్రములైన బీదదేశములన్నింటి చరిత్రమును అందు చూడవచ్చును.

బాల్యము, విద్య

1909వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఎన్‌క్రోఫుల్ అను కుగ్రామమున ఎన్‌క్రుమా జన్మించెను. అది దేశమునకు నైరృతిమూలన, ఐవరీ కోస్ట్ పొలిమేరకు సమీపమున నున్నది. తండ్రి కంసాలి; తల్లి చిల్లర వర్తకము చేసికొను ఇల్లాలు. ఆమెకు ఆయన ఏకైక సంతానము. ఆ ప్రాంతమువారిలో బిడ్డ పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుట ఆచారము. శనివారమునాడు పుట్టిన మగబిడ్డకు క్వామే అని పేరు.

ఆయన మాతృభాష ఎన్‌జీమా. దానిని మాటలాడువారు కొలదిమంది. వారిలో కొందఱు ఘనాలోను, కొందఱు సరిహద్దునకు ఆవల ఐవరీ కోస్టులోను ఉన్నారు. ఆంగ్లేయులును ఫ్రెంచివారును భూమిని పంచుకొని గీత గీసినపుడు ఒకే భాషవారు రెండు దేశములవారైరి. ఇటువంటి పొలిమేరల యందు నివసించు మన విద్యార్థులకు ఈ విషయమును విడమర్చి చెప్పనక్కఱలేదు. ఆఫ్రికాలోని సరిహద్దులు ప్రజలు గీసికొన్నవి కావని ఎన్‌క్రుమా పెద్దవాడైన తరువాత పలుమార్లు వాదించెను. ఆ సత్యమునకు ఆయన పుట్టిన ప్రదేశమే సాక్ష్యము.

హాఫ్ అస్సినీ అను ఊరిలోని కాథలిక్ మిషను పాఠశాలలో ఆయన ప్రాథమిక విద్య ముగించి, కొంతకాలము అచటనే బాలోపాధ్యాయుడుగా నుండెను. పిమ్మట రాజధానియైన అక్రా నగరమునకు పోయి, ఉపాధ్యాయశిక్షణము పొంది, 1930లో అచిమోటా కళాశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. ఆ కళాశాలలో అగ్రే అను ఆఫ్రికా విద్వాంసుడు ఉపాధ్యాయుడుగా నుండెను. పియానో వాద్యమున తెల్లమెట్లును నల్లమెట్లును కలిసి మ్రోగిననే గాని మధురగానము పుట్టదనియు, జాతులును అట్లే కలిసి మెలగవలెననియు ఆయన బోధించుచుండెను. ఎన్‌క్రుమా తన గురువును మిక్కిలి గౌరవించెను. ఐనను, రెండు జాతులకును సమానస్థానమున్నపుడే అట్టి మేళవింపు కుదురునని తలచెను. సమానులు కానివారి మధ్య సహకారము సాధ్యమా అను ఆలోచన ఆయనను తుదివరకు విడువలేదు.

1935లో ఆయన అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా రాష్ట్రమున నల్లజాతివారికై స్థాపింపబడిన లింకన్ విశ్వవిద్యాలయమున చేరెను. చేతిలో ధనము లేదు. న్యూయార్కు వీథులలో చేపలమ్మెను. సబ్బుల కర్మాగారమున కూలిపని చేసెను. ఓడలపై వడ్డనపని చేసెను. ఈ కష్టముల నడుమనే పట్టములు సంపాదించెను. 1945లో లండను చేరి, ఆ సంవత్సరము అక్టోబరులో మాంచెస్టరు నగరమున జరిగిన ఐదవ అఖిలాఫ్రికా మహాసభకు కార్యదర్శులలో నొకడుగా పనిచేసెను. డు బోయిస్, జార్జి పాడ్‌మోర్, తరువాతి కాలమున కెన్యా అధినాయకుడైన జోమో కెన్యాటా మొదలగువారు ఆ సభలో పాల్గొనిరి. ఆఫ్రికా దేశములకు స్వాతంత్ర్యము భిక్షగా గాక హక్కుగా కావలెనని ఆ సభ కోరెను.

చెఱసాలనుండి అధికారమునకు

1947 డిసెంబరులో ఎన్‌క్రుమా స్వదేశమునకు మరలి, ఒక రాజకీయసంఘమునకు కార్యదర్శియయ్యెను. 1948 ఫిబ్రవరి 28వ తేదీన, యుద్ధములో ఆంగ్లేయుల పక్షమున పోరాడి తిరిగివచ్చిన సైనికులు తమ కష్టములను విన్నవించుకొనుటకై అక్రాలో గవర్నరు నివాసమువైపు నడచిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. మువ్వురు మరణించిరి. దేశమంతట అలజడి చెలరేగెను. ఎన్‌క్రుమాను, మఱి ఐదుగురు నాయకులను ప్రభుత్వము నిర్బంధించెను.

1949 జూన్ 12వ తేదీన ఆయన ప్రజాసభాపక్షమను సొంతపార్టీని స్థాపించెను. కోకో రైతులు, బజారులో సరకులమ్ము స్త్రీలు, లారీ డ్రైవర్లు, చదువు నడుమ మానిన యువకులు అందు చేరిరి. 1950 జనవరిలో, గాంధీమహాత్ముని సత్యాగ్రహమార్గమును చూచి నేర్చిన సమ్మె, సహాయనిరాకరణ పద్ధతులతో ఆయన ఉద్యమము నడపి చెఱసాలకు పోయెను. చెఱలో నుండగనే 1951 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి. ప్రజలు ఎన్నుకొను 38 స్థానములలో 34 ఆయన పార్టీకి లభించినవి. అక్రాలో ఆయనకు 23,122 ఓట్లలో 22,780 ఓట్లు వచ్చెను. గవర్నరు ఆయనను ఫిబ్రవరి 12వ తేదీన విడుదలచేసి, ప్రభుత్వము నడపుమని కోరవలసివచ్చెను. మఱుసటి సంవత్సరము ఆయన ప్రధానమంత్రియయ్యెను.

1957 మార్చి 6వ తేదీన ఘనా స్వతంత్రదేశమయ్యెను. సహారా ఎడారికి దక్షిణమున ఐరోపా పాలననుండి విముక్తములైన వలసదేశములలో అదియే మొదటిది. రెండు దినములకే, మార్చి 8వ తేదీన, ఘనా ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము పొందెను. జెండా ఎగురవేయుట సులభము. దాని క్రింద నిలిచినవారి కడుపు నింపుట కష్టమని ఎన్‌క్రుమా కొలదికాలములోనే గ్రహించెను.

కోకో గింజ నేర్పిన పాఠము

ఘనా సంపదయంతయు ఆనాడు కోకోపై ఆధారపడియుండెను. మనము తిను చాక్లెట్టునకు మూలమైనది ఆ గింజయే. ప్రపంచమున కోకో పండించు దేశములలో ఘనా అప్పుడు మొదటిది. ఐనను, గింజ ధరను నిర్ణయించునది ఘనా రైతు కాడు. లండను, న్యూయార్కు నగరముల సంత. 1954లో టన్నుకు 400 పౌండ్లకు మించి పలికిన ధర, 1965లో ఒక దశయందు 100 పౌండ్లకు దిగువకు పడిపోయెను. రైతు చెమట తగ్గలేదు, పంట తగ్గలేదు, రాబడి మాత్రము తగ్గెను.

కోకో పండించు దేశములు 1962లో ఒక కూటమిగా ఏర్పడినవి. ఘనా, నైజీరియా, ఐవరీ కోస్ట్, కామెరూన్, బ్రెజిల్ దేశములు అందు చేరినవి. కొనుదేశములును అమ్ముదేశములును కూర్చుండి ధరకు హద్దులు నిర్ణయించుకొనవలెనని 1963లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవమున సమావేశము జరిగెను. అది ఫలింపలేదు. కూటమివారు 1964లో కొంతకాలము సరకు అమ్మకుండ నిలిపి చూచిరి. అదియు నిలువలేదు. తొలి అంతర్జాతీయ కోకో ఒప్పందము కుదిరినది 1972లో; ఎన్‌క్రుమా కన్నుమూసిన సంవత్సరమున.

వోల్టా నది

ఒక్క పంటను నమ్మికొన్న దేశము గాలివాటు పడవ వంటిది. కావున పరిశ్రమలు కావలెను. పరిశ్రమలకు విద్యుచ్ఛక్తి కావలెను. ఘనా నడుమ వోల్టా నది ప్రవహించుచున్నది. దానికి ఆనకట్ట కట్టి విద్యుత్తు తీయవచ్చునని కిట్సన్ అను ఆంగ్లేయ భూగర్భశాస్త్రవేత్త 1915లోనే సూచించియుండెను. ఆ విద్యుత్తుతో దేశములో దొరకు బాక్సైటునుండి అల్యూమినియము తీయవచ్చుననియు తెలిసెను. 1956లో వెలువడిన యొక నివేదిక పని సాధ్యమే యని తేల్చినది కాని, వ్యయమును చూచి అందఱును వెనుకంజ వేసిరి.

ఇచట ఒక చిన్న సంఘటన చెప్పవలెను. 1957 అక్టోబరులో ఘనా ఆర్థికమంత్రి గ్బెడెమా అమెరికాలో ప్రయాణము చేయుచు, డెలవేర్ రాష్ట్రమున ఒక ఫలహారశాలకు పోయి నారింజరసము అడిగెను. నల్లవాడగుటచే లోపల కూర్చుండి త్రాగుట కూడదని అచటివారు చెప్పిరి. వార్త పత్రికలకెక్కెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవరు నొచ్చుకొని, మంత్రిని తన భవనమునకు పిలిచి ఫలహారవిందు చేసెను. ఆ విందులోనే మంత్రి వోల్టా ఆనకట్ట విషయమును ప్రస్తావించెను. అవమానమును కోపముతో గాక కార్యసాధనతో ఎదుర్కొనుట దౌత్యనీతి యందు ఒక మెట్టు.

తరువాత కైజర్ అను అమెరికా సంస్థ లెక్కలు మరల వేసి ఖర్చు తగ్గించెను. ఎన్‌క్రుమా 1961లో అధ్యక్షుడు కెనడీని కలిసికొనెను. ఆయన అటు అమెరికాతోను, ఇటు సోవియట్ దేశముతోను స్నేహము నెఱపుచుండుటచే అమెరికాలో పలువురు సందేహించిరి. ఈజిప్టులోని అస్వాన్ ఆనకట్టకు పాశ్చాత్యులు సాయము నిరాకరింపగా సోవియట్ దేశము ముందుకు వచ్చిన సంగతి అందఱకును గుర్తుండెను. తుదకు ఆ సంవత్సరము డిసెంబరులో కెనడీ సమ్మతించెను. ఆనకట్టకు ఇంచుమించు 7 కోట్ల పౌండ్లు కావలసియుండగా, సగము ఘనాయే పెట్టుకొనెను. మిగిలిన సగమును ప్రపంచబ్యాంకు, అమెరికా, బ్రిటన్ అప్పుగా ఇచ్చినవి. ఇటలీ ఇంజనీర్ల సంస్థ కట్టెను.

ఆ ఒప్పందములోని షరతులను విద్యార్థులు గమనింపవలెను. విద్యుత్తు అమ్ముడుపోవునను నమ్మకము లేనిదే అప్పు ఇచ్చువారు ముందుకు రారు. అంత విద్యుత్తును కొనజాలినది కైజర్, రేనాల్డ్స్ సంస్థలు పెట్టు అల్యూమినియము కర్మాగార మొక్కటియే. కావున వారు అడిగిన ధర ఇయ్యవలసివచ్చెను. మిక్కిలి తక్కువ ధరకు 30 సంవత్సరముల విద్యుత్తు ఒప్పందము కుదిరెను. పన్నులలో రాయితీలు లభించెను. అన్నింటికంటె బాధాకరమైన దేమన, ఘనాలోని బాక్సైటును త్రవ్వి వాడుటకు మారుగా, కర్మాగారము ముడిపదార్థమును విదేశములనుండి ఓడలపై తెప్పించుకొనెను. నది ఘనాది; నేల ఘనాది; లాభములో పెద్దవాటా పరులది. ధరను మార్చి పెంచుట ఎన్‌క్రుమా మరణించిన పదమూడేండ్లకు, 1985లో, మరల సంప్రదింపులు జరిపిననే గాని సాధ్యము కాలేదు.

ఎన్‌క్రుమాకు ఈ షరతులు తెలియనివి కావు. వాటిని కాదన్నచో ఆనకట్టయే లేదు. తెలిసియు తలయొగ్గెను. ఒంటరిగా బేరమాడు బీదవానికి ధర నిర్ణయించు అధికారము లేదు. కోకో విషయమునను, విద్యుత్తు విషయమునను ఈ పాఠమే ఆయనకు ఎదురయ్యెను. ఆఫ్రికా దేశములన్నియు ఒక్కటై బేరమాడవలెనని ఆయన అంతగా పట్టుపట్టుటకు కారణ మిదియే.

ఏకతకై యత్నములు

1958 ఏప్రిలులో, అప్పటికి ఆఫ్రికాలో స్వతంత్రములుగా నున్న ఎనిమిది దేశములను ఆయన అక్రాకు పిలిచి సభ జరిపెను. ఆ నెలలోనే ఐక్యరాజ్యసమితి ఆఫ్రికా ఆర్థికసంఘమును స్థాపించెను. దాని కార్యస్థానము ఇథియోపియా రాజధానియైన అడిస్ అబాబా. అదే సంవత్సరము డిసెంబరులో స్వతంత్రము కాని దేశముల నాయకులును అక్రాలో కూడిరి. కాంగోకు చెందిన పాట్రిస్ లుముంబా వారిలో నొకడు. ఆ సభ ముగిసిన కొలదిదినములకే ఎన్‌క్రుమా మన దేశమునకు వచ్చి నెహ్రూ పండితుని కలిసికొనెను. 1961లో బెల్‌గ్రేడున జరిగిన తొలి అలీనదేశముల సభలో వీరిరువురును ప్రముఖపాత్ర వహించిరి.

1958 సెప్టెంబరులో గినీ ప్రజలు ఫ్రాన్సుతో సంబంధము వలదని ఓటు వేసిరి. ఫ్రాన్సు కోపించి తన ఉద్యోగులను, సాయమును ఉపసంహరించుకొనెను. నూతనదేశము దిక్కులేక నిలిచిన ఆ వేళ, తానే బీదదైన ఘనా కోటి పౌండ్ల ఋణము ఇచ్చుటకు అంగీకరించెను. ఈ సాయమును విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. దాని ప్రతిఫలము తరువాత చెప్పబడును.

1960లో కాంగోదేశము స్వతంత్రమయ్యెను. ఒక వారమైనను గడువకముందే సైన్యము తిరుగబడెను. గనులతో నిండిన కటాంగా రాష్ట్రము వేఱుపడెను. లుముంబా కోరికపై ఐక్యరాజ్యసమితి సైన్యమును పంపెను. మొదట చేరినవారిలో ఘనా సైనికులుండిరి. మఱుసటి సంవత్సరము మన భారతసైన్యము కూడ అచటికి పోయెను. ఐనను లుముంబా 1961 జనవరిలో హతుడయ్యెను. ఆయన స్నేహితుడైన ఎన్‌క్రుమా తీవ్రముగా దుఃఖించెను. కొన్ని దేశములు రోషముతో తమ సైన్యమును మరలించుకొన్నవి. ఎన్‌క్రుమా మాత్రము మరలింపలేదు. సమితిని గట్టిగా విమర్శించెను కాని దానిని విడిచిపెట్టలేదు. లోపమున్న సభనైనను సరిదిద్దవలెను గాని, సభయే లేకపోయినచో చిన్నదేశముల మాట వినువాడే యుండడని ఆయన నిశ్చయము.

1963 మే నెలలో అడిస్ అబాబాలో ఆఫ్రికాదేశాధినేతల మహాసభ జరిగెను. ఎన్‌క్రుమా అందు పెద్ద ప్రణాళికను ప్రతిపాదించెను. ఖండమంతటికిని ఒక్క ప్రభుత్వము, ఒక్క నాణెము, ఒక్క సంత, ఒక్క సేనాధిపత్యము కావలెనని వాదించెను. నైజీరియా ప్రధాని బలేవా మొదలగువారు అంగీకరింపలేదు. మొన్ననే చేతికి వచ్చిన స్వాతంత్ర్యమును మఱియొకరికి అప్పగించుటకు ఎవ్వరికి మనసగును? మెట్టుమెట్టుగా పోవుదమని వారనిరి. తుదకు మే 25వ తేదీన 32 దేశములతో ఆఫ్రికా ఐక్యతాసంస్థ ఏర్పడెను. అది ఎన్‌క్రుమా కోరినంత బలమైనది కాదు; ఐనను అంతకు ముందు లేనిది. ఆ సంవత్సరము ఆగస్టులోనే ఖార్టూమ్ నగరమున ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకునకు పునాది పడెను. ఈనాటికిని మే 25వ తేదీని ఆఫ్రికా దినముగా జరుపుకొనుచున్నారు.

దోషములు

ఇక దోషముల మాట. ఖండమంతటిని ఒక్కటి చేయబూనిన నాయకుడు తన దేశములో భిన్నాభిప్రాయమును సహింపలేకపోయెను. 1958లో విచారణ లేకయే జనులను నిర్బంధించు చట్టము తెచ్చెను. 1964లో తన పార్టీ తప్ప అన్యపార్టీ లేకుండ చేసెను. 1948లో తనతో కలిసి నిర్బంధము ననుభవించిన డాన్‌క్వా అను పండితుడు, 1965 ఫిబ్రవరిలో ఎన్‌క్రుమా చెఱసాలలోనే మరణించెను. ఈ మచ్చ చెరిగిపోదు. ఆయనపై హత్యాప్రయత్నములు జరిగిన మాట నిజమే. కాని భయమునకు మందు నిర్బంధము కాదు.

పొరుగుదేశములతోను అట్లే. తమ ప్రత్యర్థులకు అక్రాలో ఆశ్రయమిచ్చి ప్రోత్సహించుచున్నాడని పలువురు అధినేతలు ఆరోపించిరి. 1965లో ఐక్యతాసంస్థ సభ అక్రాలో జరుగగా, ఫ్రెంచిభాష వాడు దేశములు కొన్ని రాకపోయెను. ఏకత కోరువాడు మొదట నమ్మకమును సంపాదింపవలెను. ఉత్తమమైన యాశయము కూడ నమ్మకము లేనిచో గాలిలో మేడయే యగును.

వోల్టా ఆనకట్టకును రెండు ముఖములు కలవు. దాని వెనుక 8,500 చదరపు కిలోమీటర్ల జలాశయము ఏర్పడెను. ఇంచుమించు 80,000 మంది ఇండ్లు వదలి, ప్రభుత్వము కట్టిన 52 కొత్త ఊళ్లకు పోయిరి. తాతలు దున్నిన పొలములు నీట మునిగినవి. నిలువనీటి నత్తల మూలమున బిల్హార్జియా అను వ్యాధి వ్యాపించెను. దేశమునకు వెలుగునిచ్చిన పనికి మూల్యము చెల్లించినవారు వీరు. అభివృద్ధిని కొనియాడునపుడు వీరిని మఱచుట కృతఘ్నత.

పతనము, మరణము

1966 జనవరి 22వ తేదీన అకొసొంబో వద్ద ఆనకట్టను ఎన్‌క్రుమా ప్రారంభించెను. ఆయన జీవితాశయము ఫలించిన దినమది. సరిగా ముప్పదిమూడు దినములకు, ఫిబ్రవరి 24వ తేదీన, ఆయన వియత్నాము యుద్ధమున సంధి కుదుర్చు తలంపుతో హనోయికి ప్రయాణమై పెకింగు చేరియుండగా, స్వదేశమున సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. అప్పులు పెరిగి, కోకో ధర పడిపోయి, సరకులు దొరకక విసిగిన జనులలో పలువురు వీథులలో సంతోషము ప్రకటించిరి. ఒకనాడు చెఱసాల గుమ్మమునుండి భుజములపై మోసికొనిపోయిన ప్రజలు వీరే.

ఆశ్రయమిచ్చుటకు ముందుకు వచ్చిన దేశ మేది? గినీ. కష్టకాలమున తమకు చేయూతనిచ్చిన వానిని గినీవారు మఱవలేదు. అధ్యక్షుడు సెకూ తూరే ఆయనను సహాధ్యక్షునిగా ప్రకటించి గౌరవించెను. రాజధానియైన కొనాక్రీలో ఆయన గ్రంథములు వ్రాసికొనుచు కాలము గడపెను. మరల స్వదేశమును చూడలేదు. వ్యాధిగ్రస్తుడై, రుమేనియాలోని బుకారెస్టు నగరమున 1972 ఏప్రిల్ 27వ తేదీన కన్నుమూసెను. మొదట గినీలోను, పిదప స్వగ్రామమగు ఎన్‌క్రోఫుల్‌లోను ఆయన దేహమును ఖననము చేసిరి. 1992లో అక్రాలో, ఆయన స్వాతంత్ర్యమును ప్రకటించిన మైదానముననే, సమాధిమందిరము కట్టి అందు నిలిపిరి.

పిదప జరిగినది

2002లో ఆఫ్రికా ఐక్యతాసంస్థ ఆఫ్రికా సమాఖ్యగా మారెను. అడిస్ అబాబాలోని దాని భవనము నెదుట 2012లో ఎన్‌క్రుమా విగ్రహమును నెలకొల్పిరి. ఖండమంతటికి ఒక్క సంత కావలెనను ఆయన కోరిక 2018లో కిగాలీ నగరమున ఒప్పందరూపము దాల్చెను. 2021 జనవరి 1వ తేదీన దాని క్రింద వర్తకము మొదలయ్యెను. ఆ ఒప్పందపు కార్యాలయమునకు ఎన్నుకొన్న నగరము అక్రా. 2019లో ఘనాయును ఐవరీ కోస్టును, ఒకే భాషను చీల్చిన ఆ సరిహద్దునకు ఇరుప్రక్కల నున్న ఆ రెండు దేశములే, చేయి కలిపి, తమ కోకోకు టన్నుకు 400 డాలర్లు అదనముగా ఇయ్యవలెనని కొనువారిని కోరి ఒప్పించినవి. 2023 సెప్టెంబరులో మన ఢిల్లీనగరమున జరిగిన జి-20 సభలో ఆఫ్రికా సమాఖ్యకు సభ్యత్వము లభించెను. అరువదియేండ్లకు ముందు అడిస్ అబాబాలో అతిశయోక్తి యని పలువురు త్రోసివేసిన మాటలలో కొన్ని ఇట్లు కార్యరూపము దాల్చినవి. మెట్టుమెట్టుగా పోవుదమన్నవారును, ఒక్కసారిగా పోవలెనన్న ఎన్‌క్రుమాయును, ఇరువురును సగము సరియే యని చరిత్ర తేల్చినట్లున్నది.

విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి రెండు. పలువురు కలిసి చేయు కార్యమునకు బలము కలదు. ఆ కలయికలో చిన్నవానికిని పెద్దవానికిని ఒకే పీట వేయవలెను. ఇది మొదటిది. ఇతరులతో ఏకతను కోరువాడు తన ఇంటిలో భిన్నమైన గొంతును నొక్కరాదు. ఇది రెండవది. మొదటిదానిని ఎన్‌క్రుమా తన జీవితముచే నేర్పెను. రెండవదానిని తన పతనముచే నేర్పెను.

కొలదిమంది మాటలాడు భాషలో తల్లి జోలపాట విని పెరిగిన యొక కంసాలి కుమారుడు ఖండమంతటి మేలును తలపోసెను. నేటికిని ఘనా పాఠశాలలలో బోధింపబడు దేశభాషలలో ఎన్‌జీమా ఒకటి. పెద్ద ఐక్యతలో చేరుటకు చిన్నభాషను విడువనక్కఱలేదు. మన ఊళ్లలో తెలుగు నేర్చుకొను బాలబాలికలును, వారిని ఈ పాఠశాలకు పంపు తలిదండ్రులును ఈ మాటను మనసున నుంచుకొందురని ఆశించుచున్నాము.